మళ్ళీ మొలిచిన నాడా

ఫొటోలో పసిపాప మెడ మీద గీత చూసి టేపు వదిన చేతిలో కత్తెర ఆగిపోయింది.

ఆ ఫొటో సైటుకొచ్చిన ఉత్తరంతో పాటు వచ్చింది. చెవి కింద మొదలై గొంతు దాకా సన్నగా, ఎర్రగా, గోటితో గట్టిగా గీసినట్టుంది ఆ గీత. కింద తల్లి రాసింది కొంచెమే. మీ సైటులోంచి నమూనా దింపుకుని నా చేత్తో కుట్టాను. మధ్యాహ్నం పాప నిద్రలో దొర్లితే మెడ వెనక నాడా మంచం కమ్మీకి చిక్కుకుంది. నేను పక్క గదిలోనే ఉన్నాను. ఏడుపు వినిపించలేదు, ఏడవడానికి ఊపిరి ఆడితే కదా. పాల సీసా కోసం ఆ గదిలోకి వెళ్ళాను కాబట్టి నా పాప నాకు మిగిలింది. అంతే. కింద ఫోను నంబరు ఉంది, నమస్కారం లేదు.

టేపు వదిన దాన్ని ఒకసారి చదివి, మళ్ళీ మొదటి నుంచి చదివింది. రెండోసారి చదివేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎందుకంటే ఆ గౌనుకి మెడ నాడా లేదు. తీసేసింది. తన చేత్తో తీసేసి, దాని బదులు భుజం మీద ప్రెస్ బటన్లు గీసి, ఆ ఫైలు సైటులోకి ఎక్కించి చాలా రోజులైంది.

ఆమెని వీధి మొత్తం టేపు వదిన అంటుంది. కొలతల టేపు మెడలోంచి దిగేది నిద్రకీ స్నానానికే. వయసులో పెద్దవాళ్ళు కూడా వదినా అనే పిలుస్తారు. ఆమె కోపం ఒకసారి రుచి చూసినవాళ్ళు వదినగారూ అంటారు. చిన్నపిల్లల బట్టలకి నమూనాలు గీయడం ఆమె పని. ఒకప్పుడు కాగితం మీద గీసేది, ఇప్పుడు కంప్యూటరులో గీస్తోంది. ఎక్కడున్న తల్లయినా సైటులోంచి ఆ ఫైలు దింపుకుని, ముద్రించుకుని, గుడ్డ మీద పరిచి కత్తిరించుకోవచ్చు. గీత ఆమెది, సైటు మరిదిది. గౌన్లకి ఫొటోలు తీసేదీ, సైటు నడిపేదీ, వచ్చిన ఉత్తరాలకి జవాబులిచ్చేదీ అతనే. వీధిలో అతని పేరు ఫొటో తమ్ముడు.

ఆ నాడా అతని ముచ్చటే. మెడ వెనక పొడుగాటి నాడా, చివర్లకి ఉన్ని కుచ్చులు. ఫొటోలో ముద్దొస్తుందని ప్రాణం తోడేశాడు. ఫొటో కోసమే కదా అని ఆమె ఒక్కటి అలా గీసిచ్చింది. అతను ఆ ఫైలునే సైటులో పెట్టేశాడు. అది చూసిన రోజు ఇంట్లో పెద్ద రభసైంది. పసిపిల్ల మెడ దగ్గర తాడు పెట్టకూడదన్నది కత్తెర పట్టిన మొదటి రోజు నేర్పే పాఠమని ఆమె. ఎవరి పాఠం, ఏ కాలం నాటి పాఠం అని అతను. చివరికి, నీకు గీతలే తెలుసు వదినా, జనం కళ్ళు తెలియవు అన్నాడు. ఆ పూటే ఆమె అతనితో మాట మానేసింది. అతనేం తక్కువ తిన్నాడా, అతనూ మానేశాడు.

అప్పట్నుంచీ ఇద్దరి మధ్యా మాటలు మోసే పని అత్తయ్య మీద పడింది. టీ చల్లారిపోతోందని మీ అబ్బాయికి చెప్పండి అత్తయ్యా అని వంటింట్లోంచి కోడలు. చక్కెర మర్చిపోయారని ఆవిడకి చెప్పమ్మా అని ముందు గదిలోంచి కొడుకు. ఇద్దరికీ మధ్య గుమ్మంలో కుర్చీ వేసుకుని, టీ మీదా చక్కెర మీదా వచ్చే మాటలన్నీ అందుకుని అందిస్తూ అత్తయ్య. నిజానికి ఇద్దరూ ఇంట్లో ఉంటే టీ మాటా చక్కెర మాటా నేరుగానే వినిపిస్తాయి. అయినా పద్ధతి పద్ధతే.

ఆ గొడవలోనే అతను సైటు పాస్‌వర్డ్ మార్చేస్తానన్నాడు. అత్తయ్య సాగనివ్వలేదు. పాస్‌వర్డ్ వేరైతే పొయ్యి వేరైనట్టే, నేను బతికుండగా ఈ ఇంట్లో రెండు పాస్‌వర్డ్‌లు ఉండటానికి వీల్లేదని తెగేసి చెప్పింది. కంప్యూటర్ అంటే దూరం నుంచి దణ్ణం పెట్టే మనిషి పాస్‌వర్డ్ కోసం అన్నం మానేస్తానంటే ఎవరేమంటారు. అలా ఒకే సైటులోకి రెండు యంత్రాల నుంచి, మాటల్లేని ఇద్దరు మనుషులు ఫైళ్ళు ఎక్కిస్తూ వచ్చారు.

టేపు వదిన కంప్యూటరు ముందు కూర్చుంది. ముందు తన యంత్రంలో ఫైలు తెరిచి చూసింది. నాడా లేదు. భుజం మీద బటన్లు. తర్వాత సైటులోంచి అదే నమూనా దింపి తెరిచింది. నాడా ఉంది. కుచ్చులతో సహా.

తన కళ్ళనే నమ్మలేక, కంప్యూటరు పాతది ఎక్కడో దాచుకుని చూపిస్తోందేమోనని ఫోనులోంచి కూడా దింపి చూసింది. అక్కడా నాడానే.

ఫైళ్ళు పంపే ప్రోగ్రామ్ తెరిచింది. ఎడమ గడిలో తన కంప్యూటరు, కుడి గడిలో సైటు. ఎడమ పక్క ఫైలు పట్టుకుని కుడి పక్కకి లాగింది. అదే పేరుతో అక్కడ ఇంకో ఫైలుంది, దాన్ని చెరిపి ఇది పెట్టమంటావా అని అడిగింది ప్రోగ్రామ్. అవును అని నొక్కింది. ఈ ఇంట్లో మనుషుల కంటే అదే నయం, చెరిపే ముందు ఒక మాట అడుగుతుంది. ఎక్కింది. దింపి చూసింది. నాడా లేదు. గుండెల మీంచి చెయ్యి తీసి, ఆ తల్లికి జవాబు రాద్దామని ఉత్తరం దగ్గరికి వెళ్ళింది.

జవాబు అప్పటికే వెళ్ళి ఉంది.

మరిది రాశాడు. మా నమూనాలన్నీ నిపుణులు పరీక్షించినవి, మీరు కుట్టడంలో కొలత తప్పి ఉంటుంది, పిల్లల్ని ఒంటరిగా పడుకోబెట్టవద్దని మనవి, మా కొత్త నమూనాలు కూడా చూడండి. చివర్లో నవ్వు మొహం బొమ్మ.

చావు తప్పిన పిల్ల తల్లికి కొత్త గౌను చూడమని రాశాడు. నవ్వు మొహం పెట్టి మరీ.

ఎందుకో సైటు మరోసారి చూడాలనిపించింది. ఫైలు దింపింది. తెరిచింది.

నాడా మళ్ళీ మొలిచింది.

ఆమె కుడి గడి వైపు కళ్ళప్పగించి చూసింది. ఫైలు పక్కన అది ఎప్పుడు ఎక్కిందో ఉంటుంది. తను మరిది జవాబు చదువుతున్నప్పుడే ఎక్కింది. అంటే ఎవరో కనిపెట్టుకుని కూర్చుని, తను పెట్టగానే తీసేసి పాతది పెడుతున్నారు. మళ్ళీ లాగింది. మళ్ళీ అవును అంది. ఈసారి లేవలేదు, చూపు తిప్పలేదు. వీధిలో ఎవరో పిలుస్తున్నా పలకలేదు. కాసేపటికి, ఎవరి చెయ్యీ కనిపించకుండా, ఆ ఫైలు సైజు ఆమె కళ్ళ ముందే పెరిగింది. నాడా ఉన్న ఫైలు కొంచెం బరువు.

ఇంక అనుమానం లేదు. ఆ పాస్‌వర్డ్ ఉన్నది ఇద్దరి దగ్గరే.

లారీ మీద ఉన్న మొగుడికి ఫోన్ చేసింది. వెనక హారన్ల మోతలో అంతా విని, వాడు చిన్నవాడు, నువ్వే కొంచెం సర్దుకుపో, సాయంత్రం నేను మాట్లాడతా అన్నాడతను. పెళ్ళయినప్పట్నుంచీ ఆ సాయంత్రం కోసం ఆమె ఎదురుచూస్తూనే ఉంది. ఫోన్ పెట్టేసింది. చెప్పులేసుకుంది. గుమ్మంలో అత్తయ్య బఠానీలు ఒలుస్తోంది.

"లేవండి అత్తయ్యా. మీ అబ్బాయి గదికి వెళ్దాం."

"ఇప్పుడా? భోజనానికి వస్తాడుగా అమ్మాయ్, అప్పుడు చెప్తాలే."

"అప్పటికి ఇంకో పిల్ల మెడకి చుట్టుకుంటుంది. లేవండి."

అత్తయ్యకి అర్థం కాలేదు. కానీ కోడలి మొహం చూసి గిన్నె పక్కన పెట్టి లేచింది. దారి పొడుగునా ఏమైందే, ఏమైందే అని అడుగుతూనే ఉంది. టేపు వదిన సమాధానం చెప్పలేదు. నోరు తెరిస్తే ఆ కోపమంతా దారిలోనే ఖర్చైపోతుందని భయం. ఎదురొచ్చిన మందుల షాపాయన పలకరించబోయి, ఆమె నడక చూసి షాపులోకి తప్పుకున్నాడు.

మరిది గది జిరాక్స్ షాపు మీద. ఇనుప మెట్లు ఎక్కితే ఒకటే తలుపు. లోపల గోడంతా తెల్లటి గుడ్డ, రెండు పెద్ద లైట్లు, దారాలకి వేలాడే చిన్న చిన్న గౌన్లు. కిటికీ పక్క బల్ల మీద లాప్‌టాప్ తెరిచే ఉంది. ఫొటో తమ్ముడు నేల మీద బోర్లా పడుకుని ఒక జత ఉన్ని మేజోళ్ళకి ఫొటో తీస్తున్నాడు. తలుపు చప్పుడికి లేచి తల్లిని చూశాడు. వదినని చూడలేదు.

"ఏంటమ్మా, ఇలా వచ్చావు?"

"సైటుకొచ్చిన ఉత్తరం చదివాడేమో అడగండి అత్తయ్యా" అంది టేపు వదిన.

"ఉత్తరం ఏదో వచ్చిందటరా."

"చదివానమ్మా. జవాబు కూడా ఇచ్చానని చెప్పు."

"ఇచ్చాడట" అంది అత్తయ్య, అటు తిరిగి.

"ఏమని ఇచ్చాడో నేనూ చదివాను. ఆ తల్లిదే తప్పని రాయడానికి చెయ్యెలా వచ్చిందో అడగండి. నేను తీసేసిన నాడాని మళ్ళీ మళ్ళీ ఎక్కించి ఒక పిల్ల పీక మీదికి తెచ్చాడని చెప్పండి."

అత్తయ్య గొంతు సవరించుకుంది. కొడుకు వైపు తిరిగింది. "ఆ నాడా సంగతేరా. వదినకి అదెందుకో నచ్చలేదట" అంది.

టేపు వదిన మెల్లగా అత్తయ్య వైపు తిరిగింది. ఇన్నాళ్ళూ ఆమె వంటింట్లో అన్న మాట గుమ్మం దాకే వినేది. గుమ్మం అవతల అది ఎలా వెళ్తోందో చెవి పెట్టి వినాలని ఎప్పుడూ అనుకోలేదు. వినడం కూడా ఒక రకంగా మాట్లాడినట్టేనని పౌరుషం.

"నేను నాడా తీసేసిన రోజు, మీ అబ్బాయి ఇంట్లో లేనప్పుడు, మిమ్మల్ని ఏం చెప్పమన్నాను అత్తయ్యా?"

"ఎప్పుడో సంగతి ఇప్పుడెందుకే..."

"నాడా పిల్ల గొంతుకి ఉరవుతుంది, అందుకే తీసేశాను, చచ్చినా మళ్ళీ పెట్టొద్దని చెప్పమన్నాను. మీరేం చెప్పారు?"

కొంగో రుమాలో ఏదైనా దొరుకుతుందేమోనన్నట్టు అత్తయ్య చేతులు వెతుక్కున్నాయి. చివరికి చెప్పింది. వదిన గౌనులో ఏవో చిన్న మార్పులు చేసిందిరా అని చెప్పిందట. ఉరి అన్న మాట ఎలా మోసుకెళ్ళను, వాడు ఎగిరిపడతాడు, నువ్వు ఎగిరిపడతావు, మధ్యలో నా ఇల్లు పడిపోతుంది అంది. ఆవిడ దాన్ని తప్పనుకోలేదు. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఇన్నాళ్ళూ ఇద్దరి మాటల్లోంచి గట్టివన్నీ ఏరిపారేసి, మెత్తవి మాత్రమే అటూ ఇటూ అందించింది. గట్టిదే కావలసిన మాట కూడా ఆ రాళ్ళలో పోయింది.

టేపు వదిన ఆవిడని ఏమీ అనలేదు. ముందు అనిపించుకోవలసినవాడు వేరే ఉన్నాడు. బల్ల దగ్గరికి నడిచి మరిది ఎదురుగా నిలబడింది.

"ఇటు చూడు."

అతను అలవాటుగా తల్లి వైపు చూశాడు.

"అక్కడ కాదు. నన్ను చూడు. నేనే మాట్లాడుతున్నా, నీతోనే."

అతను చూశాడు. ఆమె ఫోను తీసి ఫొటో తెరిచి అతని చేతిలో పెట్టింది. ఉత్తరంతో వచ్చిన ఆ ఫొటోని అతను తెరవలేదు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు పంపినవాటిలో వైరస్‌లుంటాయని తెరవడట. రోజంతా ఫొటోలతో బతికేవాడు, చూడవలసిన ఒక్క ఫొటో చూడకుండా జవాబు రాశాడు.

ఇప్పుడు చూశాడు. రెండు వేళ్ళతో పెద్దది చేశాడు. నిజమైనదో అతికించినదో కనిపెట్టడం అతని విద్యే. ఇంకొంచెం పెద్దది చేశాడు. తర్వాత ఫోను బల్ల మీద బోర్లా పెట్టి, కుర్చీ కోసం వెనక్కి తడుముకున్నాడు.

"నాకెవరూ చెప్పలేదు వదినా."

"నేను చెప్పాను. మొదటి రోజే నీ మొహం మీదే చెప్పాను."

"అప్పుడు కోపంలో అన్నావనుకున్నా."

"కోపంలో అంటే అబద్ధమైపోతుందా? నీకు నవ్వుతూ చెప్పిందే నిజమా?"

ఆమె ఆగలేదు. నేను ఇంట్లోంచి ఎక్కించిన ఫైలుని ఎక్కించగానే నువ్వెందుకు చెరుపుతున్నావని అడిగింది. తను చెరపడం లేదన్నాడు. లాప్‌టాప్‌కి ఒక పని అప్పజెప్పాడట. తన ఫోల్డరులో ఉన్నదే సైటులో ఉండాలి. తేడా కనిపిస్తే అదే దిద్దేస్తుంది, ఎవరినీ అడగదు. ఎవరైనా సైటు పాడుచేస్తే బాగుచేసుకోవడానికి పెట్టుకున్నానన్నాడు.

"ఎవరైనా అంటే ఎవరు?"

అతను లాప్‌టాప్ వైపు తిరిగాడు.

"చెప్పు. పాస్‌వర్డ్ ఉన్న దొంగలు ఎందరున్నారు ఈ ఇంట్లో?"

"నువ్వు పంతానికి తీశావనుకున్నా వదినా. నా మాట నెగ్గకూడదని తీశావనుకున్నా. పాస్‌వర్డ్ మారిస్తే అమ్మ ఊరుకోదు. అందుకని..."

"అందుకని నాకు తాళం చెవి ఇచ్చి, వెనకాల గోడ కట్టావు."

ఎవరి మాట ఎవరికి చెప్పాలో తోచక అత్తయ్య గోడ పక్కన మడత కుర్చీలో కూర్చుండిపోయింది.

ముందు ఆ పని ఆపమంది టేపు వదిన. ఆపాడు. తన ఫోల్డరులోంచి ఆ ఫైలు తీసెయ్యమంది. తీసేశాడు. సైటులోంచి కూడా తీసేసి, నమూనా పేజీ మూసేశాడు. అతని మాట మీద నమ్మకం లేక ఆమె తన ఫోనులోంచి వెతికి చూసింది. లేదు. మళ్ళీ వస్తుందేమోనని తెర మీద కళ్ళు పెట్టి నిలబడింది. రాలేదు. అయినా కోపం దిగలేదు. సైటులోంచి పోయింది సరే, దింపుకున్నవాళ్ళ ఇళ్ళలోంచి పోయేదెలా? వాళ్ళ కంప్యూటర్లలో ఉంది, కాగితాల మీద ఉంది, పిల్లల ఒంటి మీద ఉంది. అక్కడికి ఏ ప్రోగ్రామూ వెళ్ళి దిద్దలేదు.

"అందరికీ ఉత్తరం పంపు. దింపుకున్న ప్రతి మనిషికీ."

అతను టైపు చెయ్యడం మొదలుపెట్టాడు. ప్రియమైన వినియోగదారులకు, మా నమూనాలో స్వల్ప మార్పు చేసినందున, మీ సౌకర్యార్థం... ఆమె భుజం మీంచి చదివి, చెయ్యి చాచి అంతా చెరిపేసింది.

"నేను చెప్తా, కొట్టు. ఈ గౌను పిల్లకి వేసి ఉంటే ఇప్పుడే విప్పెయ్యండి. మెడ నాడా గొంతుకి బిగుసుకుంటుంది. ఒక పాపకి బిగుసుకుంది. ఆ తల్లి తప్పేం లేదు. తప్పు మాది."

అతని వేళ్ళు చివరి రెండు మాటల దగ్గర ఆగిపోయాయి. "తప్పు మాది అని రాస్తే రేపు దాన్నే పట్టుకుని కోర్టుకెక్కుతారు వదినా."

"ఎక్కనీ. మనమూ ఎక్కుదాం, మెట్లే కదా."

"నీకర్థం కావట్లేదు. ఒక్క ఉత్తరంతో సైటు మూతపడుతుంది. ఆ ఒక్క గౌనే కాదు, నీ నమూనాలన్నీ పోతాయి. ఇన్నాళ్ళు గీసిందంతా. ఎవరు దింపుకుంటారు ఇంక?"

అతను తన స్వార్థానికే అన్నాడో, నిజంగా ఆమె కోసమే అన్నాడో గానీ ఆ మాట గుచ్చుకుంది. గోడ నిండా వేలాడుతున్నవి ఆమె గీతలే. ఆ చిన్న కాలరు కుదరడానికి ఎన్ని గుడ్డలు పాడుచేసిందో ఆమెకే తెలుసు. చంక దగ్గర పట్టెయ్యకుండా కోత ఎక్కడ తిరగాలో కనుక్కోవడానికి పక్కింటి పిల్లని రోజంతా ఎత్తుకుని, కదిలించి, కొలిచి, మళ్ళీ కదిలించి చూసింది. ఎక్కడో ముక్కూ మొహం తెలియని పిల్లలు తన గీతల్లో పాకుతున్నారనుకుంటే పని మధ్యలో నవ్వుకునేది. అదంతా ఒక్క ఉత్తరానికి కొట్టుకుపోతుంది. పోతుందని ఆమెకీ తెలుసు.

"కొట్టు" అంది.

"వదినా, ఒక్కసారి అన్నయ్యని కూడా..."

"మీ అన్నయ్య సాయంత్రం మాట్లాడతాడు. నువ్వు ఇప్పుడు కొట్టు."

కొట్టాడు. పంపాడు. అయినా ఆమె కదలలేదు. ఉత్తరాలు ఎవరు చదువుతారు, నువ్వే సరిగ్గా చదవలేదు కదా, నంబర్లు తియ్యి అంది. నమూనా దింపుకునేటప్పుడు పేరూ ఫోను నంబరూ ఇస్తారు. అవన్నీ తెర మీదికి తెచ్చాడు. అత్తయ్య కుర్చీలోంచి కొంచెం ముందుకు వంగింది.

"ఫోన్లు నేను చేస్తానే అమ్మాయ్. మెల్లగా, కంగారు పడకుండా చెప్తాను."

"వద్దు అత్తయ్యా. మెల్లగా చెప్పడం ఇంక చాలు."

మొదటి ఫోను ఆ తల్లికే చేసింది. ఫోను చేసింది ఎవరో తెలియగానే ఆ తల్లి తిట్టడం మొదలుపెట్టింది. టేపు వదిన ఫోను చెవికి కొంచెం దూరంగా పెట్టుకోవలసి వచ్చింది. నిపుణులంటే ఎవరని అడిగింది ఆమె, ఆ నిపుణుల ఇళ్ళలో పిల్లల్లేరా అని అడిగింది. నా కొలత తప్పా, నా పిల్లని నేను చూసుకోలేదా అని అడిగి, ఇంకా గట్టిగా తిట్టింది. టేపు వదిన అడ్డుపడలేదు. ఆ కోపం తన కోపంలాగే ఉంది. దానికి ఎక్కడ బ్రేకు వేస్తే ఎక్కడ మంట పుడుతుందో ఆమెకి తెలుసు.

"ఆ నాడా గీసింది ఎవరు?" అని అడిగింది చివరికి అవతలి మనిషి.

"నేనే అమ్మా. తర్వాత తీసేశాను. కానీ గీసింది నేనే."

"మరి నాదే తప్పని జవాబు రాసింది?"

టేపు వదిన ఫోను మరిది ముందు పెట్టింది. అతను వద్దన్నట్టు తలూపాడు. ఆమె చెయ్యి వెనక్కి తీయలేదు. అతను పెదాలు తడుపుకున్నాడు.

"నేనేనండీ" అన్నాడు. "ఫొటో చూడకుండా రాశాను. తప్పు మీది కాదు."

ఆవిడ అతన్ని ఏమందో ఇక్కడ రాసే భాష కాదు. అత్తయ్యకి కూడా వినిపించింది. ఈసారి ఆవిడ అందులోంచి ఒక్క ముక్క కూడా ఏరలేకపోయింది, కొడుక్కి అదంతా నేరుగా అందింది. తిట్టి తిట్టి అలిసిపోయాక ఆవిడ మామూలు గొంతుతో, పాప బాగానే ఉంది, డాక్టరు చూశాడు అంది. ఇంకెంతమంది దగ్గరుంది ఈ గౌను అని అడిగింది. అందరికీ చేస్తున్నామంటే, అయితే నాతో మాట్లాడుతూ కూర్చున్నారేం, పెట్టెయ్యండి అని తనే పెట్టేసింది.

రెండో నంబరు ఎత్తలేదు. ఆ తర్వాత ఒకామె ఇంకా కుట్టనేలేదంది, ఒకాయన తన భార్య దాన్ని బొమ్మకి తొడిగిందని నవ్వాడు. టేపు వదిన నవ్వకపోయేసరికి అతనూ నవ్వు ఆపి, బొమ్మకైనా విప్పేస్తానన్నాడు. ఒకామె డబ్బా కొట్టుకోవడానికి ఇదో ఎత్తా అని విసుక్కుంటే, ఎత్తే అనుకో, నాడా మాత్రం పీకెయ్యి అంది టేపు వదిన. మరిది నంబర్లు చదువుతున్నాడు. ఎత్తనివాళ్ళ పేర్లు మళ్ళీ చెయ్యడానికి పక్కకి పెడుతున్నాడు. మధ్యలో సైటుకి కోపంగా ఉత్తరాలు రావడం మొదలైంది. లాప్‌టాప్ ఒక్కొక్క ఉత్తరానికీ టింగుమంటుంటే అతను చప్పుడు తీసెయ్యబోయాడు.

"ఉండనీ. వినిపించనీ."

ఆ తర్వాతి ఫోను ఎత్తినామెది నెమ్మదైన గొంతు. పాప పడుకుందండీ, మెల్లగా మాట్లాడండి అంది గుసగుసగా.

"ఏ గౌనులో పడుకుంది?" అంది టేపు వదిన.

అవతల మాట ఆగింది.

"మా సైటులో గౌనేనా? వెనక నాడా ఉన్నదా?"

ఫోను బల్ల మీద పడిన చప్పుడు, పరుగు, తలుపు గోడకి కొట్టుకున్న చప్పుడు. తర్వాత ఏమీ లేదు. మరిది కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అత్తయ్య రెండు చేతులూ నోటి మీద పెట్టుకుంది. టేపు వదిన ఫోను చెవికి నొక్కిపట్టుకుని, ఊపిరి కూడా అడ్డమనుకున్నదానిలా కదలకుండా ఉంది. కింద జిరాక్స్ యంత్రం ఎవరికో కాగితాలు తీస్తూనే ఉంది.

అవతల పాప ఏడ్చింది. నిద్ర చెడగొట్టినందుకు గుక్కపట్టి, గట్టిగా, ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది.

"విప్పేశానండీ" అంది ఆ తల్లి, ఆయాసంతో. "కుచ్చు నోట్లో పెట్టుకుంది. నాడా ఒక చుట్టు... ఒక చుట్టు తిరిగుంది. విప్పేశాను."

టేపు వదిన సరేనమ్మా అంది. ఫోను దించి బల్ల మీద పెట్టింది. అత్తయ్య నిశ్శబ్దంగా ఏడుస్తోంది. మరిది గ్లాసుతో నీళ్ళు తెచ్చి వదిన ముందు పెట్టాడు. పెట్టి అక్కడే నిలబడ్డాడు.

"ఇప్పుడైనా కోపం తగ్గిందా వదినా?"

ఆమె నీళ్ళు తాగింది. గ్లాసు పక్కన పెట్టింది.

"తగ్గలేదు. తగ్గిన రోజు నేనే చెప్తాను, ఎవరితోనూ చెప్పించను. కూర్చో. తర్వాతి నంబరు చదువు."

అతను కూర్చుని చదివాడు.